అల్లుడుగారికి చెందిన తిట్లు

నా నోరు మంచిది కాదని పేరు. మద్రాసు తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీకి మేనేజరుగా ఉన్నన్నాళ్ళూ నా గదిలోంచి కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చినవాళ్ళు చాలామందే. రాక్షసుడన్నారు. అననిచ్చాను. కానీ వాళ్ళలో ఎవరినైనా అడిగి చూడండి. నేను తిట్టినవాడు ఆ తప్పు చేసినవాడే. తలుపు వేసి తిట్టాను. ఏ తప్పుకి తిడుతున్నానో చెప్పి మరీ తిట్టాను. ఇవేవీ చెయ్యని ఒక పెద్దమనిషి దగ్గర నేను మొదట కొలువు చేశాను. నా జన్మలో చూసినవాళ్ళందరిలోకీ ఆయన మర్యాదస్తుడు. ఆ మర్యాదే మా పెదనాన్నని మింగేసింది.

ఇప్పుడు మేనేజర్లకి క్లాసులు పెడుతున్నారు. ఒక క్లాసుకి నన్నూ పిలిచారు, మేనేజర్లు సాధారణంగా చేసే తప్పుల మీద నాలుగు ముక్కలు చెప్పమని. కుర్రాళ్ళు టైలు కట్టుకుని, పెన్ను మూతలు తీసుకుని సిద్ధంగా కూర్చున్నారు. నేను మొదట కొలువు చేసిన చూలై కార్ఖానా సంగతి మొదలుపెట్టబోయి, వాళ్ళ ముఖాలు చూసి మానేశాను. సమయపాలన గురించి ఏదో వాగి, వాళ్ళిచ్చిన టీ తాగి వచ్చేశాను. చెప్పకుండా మింగిన సంగతి అరగలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆంధ్ర విడిపోయిన కొత్తల్లో మాట. మద్రాసు చూలైలో రేకు పెట్టెలు చేసే కార్ఖానా ఒకటి ఉండేది. పెళ్ళికూతురితో పంపే పూల బొమ్మల పెట్టెలు, హాస్టలు పిల్లల నల్ల పెట్టెలు అక్కడ తయారయ్యేవి. యజమాని తెలుగు వర్తకుడే, తరాల నాడే మద్రాసులో దిగిన కుటుంబం. అందరూ ఆయన్ని మొదలాళి అనేవారు. మా పెదనాన్న అక్కడ పెద్ద గుమాస్తా. రేకు కొనడం దగ్గర్నుంచి పెట్టె బండెక్కేదాకా అంతా ఆయన చేతిమీదుగా జరిగేది. మా నాన్న పోయాక నన్ను పెంచింది పెదనాన్నే. ఆయనకి పిల్లల్లేరు. నాకు చదువు చెప్పించి, పెట్టెలు బండెక్కించే గుమాస్తా పని కూడా అక్కడే ఇప్పించాడు. అప్పటికి నాకు పెళ్ళయి చింతాద్రిపేటలో వేరు కాపురం ఉంటున్నాను.

పెదనాన్న, పెద్దమ్మ కార్ఖానా వెనకాల రెండు గదుల్లో ఉండేవారు. అవి మొదలాళివి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆ గదులు. ఆ మాట ఎవరూ పైకి అనేవారు కాదు గానీ, పెద్దమ్మ గోడకి ఒక మేకు కొట్టాలన్నా ముందు కాసేపు ఆలోచించేది. పెదనాన్నకి అరవై దగ్గరపడుతోంది. ఆయనకి ఇక కావలసింది పోయేదాకా ఆ బల్ల ముందు కూర్చోవడం, ఆ రెండు గదుల్లో పడుకోవడం. అంతకు మించి ఏమీ కోరలేదు.

మొదలాళికి ఒక్కతే కూతురు. ఆమెని నెల్లూరు వైపు బి.ఎ. చదివిన కుర్రవాడికిచ్చి, అల్లుణ్ణి ఇంట్లోనే ఉంచుకున్నాడు. కార్ఖానాకి మేనేజరుని చేశాడు. ఆ మాటే అక్కడ అంతకుముందు లేదు. మేనేజరు కోసం ఒక గది కట్టించారు. దానికి మోకాళ్ళ దగ్గర ఆగిపోయే సగం తలుపు పెట్టించారు, తిరిగే కుర్చీ తెప్పించారు. అందరం ఆయన్ని అల్లుడుగారు అనేవాళ్ళం. ఇన్నేళ్ళయినా ఆయన గురించి 'వచ్చాడు, పోయాడు' అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మప్పిన అలవాటు అలాంటిది.

మా వాళ్ళ ఇళ్ళలో అల్లుణ్ణి ఎవరూ ఏమీ అనరు. అన్నంలో రాయి తగిలి అల్లుడు చెయ్యి కడిగేసుకుంటే వంటమనిషిని తిడతారు, వడ్డించిన మరదల్ని తిడతారు, బియ్యం అమ్మిన కొట్టువాణ్ణి తిడతారు. అల్లుడే నీళ్ళచెంబు తన్నేసినా, దారిలో చెంబు పెట్టిందెవరని ఇంట్లోవాళ్ళ మీద కేకలేస్తారు. అల్లుడు బుద్ధిమంతుడైతే ఆ కేకలు ఎవరికో అర్థం చేసుకుంటాడు, ఇంకోసారి చూసుకుని నడుస్తాడు. ఇళ్ళలో ఇది బాగానే జరిగిపోతుంది. నష్టమల్లా సొట్టపడిన చెంబు. మొదలాళి ఈ ఆచారాన్ని తెచ్చి కార్ఖానాలో పెట్టాడు.

అల్లుడుగారు వచ్చీ రాగానే ఖర్చు తగ్గించాలని పలచటి రేకు తెప్పించారు. ఆ రేకుతో చేసిన పెట్టె మీద మనిషి కూర్చుంటే మూత లోపలికి పోయేది. గూడూరు వ్యాపారి సరుకంతా తిప్పి పంపించాడు. ఆ సాయంత్రం మొదలాళి పెదనాన్నని పక్కకి పిలిచాడు. నేను అక్కడే ఉన్నాను.

"రేపు పొద్దున అందరి ముందర నిన్ను నాలుగు మాటలంటానయ్యా. మనసులో పెట్టుకోబాక. ఆయనతో నేరుగా అనేదానికి లేదు కదా. గదిలో ఉంటాడు, వింటాడు, తెలుసుకుంటాడు."

"దానికేముంది మొదలాళీ. నాకు తెలవదా," అన్నాడు పెదనాన్న.

ఇంటికెళ్ళాక ఆయన ఆనందం చూడాలి. "ఈడ ఇంతమంది ఉంటే నన్నే అడిగినాడు చూడు. మేస్త్రీని ఒక మాటంటే సుత్తి ఆడనే పారేసి పోతాడు. ఎంత నమ్మకం ఉంటే నన్ను అడుగుతాడు?"

పెద్దమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "తిట్లు తినేదానికి కూడా పొంగిపోవాల్నా?" అంది.

మర్నాడు మొదలాళి రేకులు తూచే కాటా పక్కన నిలబడి పెదనాన్నని పిలిచాడు. ఆయన గొంతెత్తగానే సుత్తులు ఆగిపోయాయి. చూలైలో ఆ సందుకి సుత్తి మోత అలవాటు. అది ఆగితే పక్క కొట్టువాళ్ళు కూడా బయటికొచ్చి చూశారు.

"ఏమయ్యా, బుద్ధుండాదా నీకు? వేలు పెడితే లోపలికి పోతా ఉండాది ఆ రేకు. కళ్ళు ఇంట్లో పెట్టేసి వస్తా ఉండావా?"

"తప్పయిపోయింది మొదలాళీ," అని పెదనాన్న తల వంచుకున్నాడు. బాగా వంచుకున్నాడు. ఒప్పుకున్న పని ఏదైనా ఆయన బాగానే చేసేవాడు. సగం తలుపు కింద అల్లుడుగారి బూట్లు కనిపిస్తున్నాయి. కదల్లేదు. అంతా అయ్యాక మొదలాళి హోటలు నుంచి కాఫీ తెప్పించి పెదనాన్నకి తన చేత్తో ఇచ్చాడు.

మధ్యాహ్నం అల్లుడుగారు నన్ను గదిలోకి పిలిచారు. "మీ పెదనాన్నగారికి చూపు ఆనడం లేదేమో. అద్దాలు మార్పించకూడదా?" అన్నారు. ఎంతో మెత్తగా, నిజంగా మేలు కోరే అన్నారు. నేను ఆయన ముఖంలోకి తేరిపార చూశాను. సిగ్గుపడి మాట మారుస్తున్నారేమోనని అనుకున్నాను. సిగ్గు కాదు. ఆయనకి నిజంగానే తెలియలేదు. రేకు తెప్పించింది తనే అయినా, వచ్చిన రేకు బాగుందో లేదో చూసుకోవలసింది గుమాస్తా కదా అని ఆయన లెక్క. పైగా మొదలాళి రోజూ గది గుమ్మంలో నిలబడి, "సౌకర్యంగా ఉండాదా అల్లుడుగారూ, ఏమన్నా కావాల్నా?" అని అడిగేవాడు. తన పని బాగోలేదని ఎవరూ చెప్పని మనిషి తన పని బాగుందనే అనుకుంటాడు. ఇంకేమనుకుంటాడు?

తిరువొత్తియూరులో మా యజమాని మేనల్లుడు ఒకడు నా కింద పనికొచ్చాడు. మొదటి వారంలోనే మిషను ఒకటి పాడుచేశాడు. గదిలోకి పిలిచి, తలుపు వేసి, "నువ్వు పాడుచేశావు, ఇంకోసారి చేస్తే మీ మామయ్యతో చెప్పి పంపించేస్తాను" అన్నాను. తాంబూలం నమిలేంత సేపు కూడా పట్టలేదు. వాడు కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు నా దగ్గరే పనిచేశాడు. ఈ మాత్రం మాట అనలేక మొదలాళి పడ్డ అవస్థ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అల్లుడుగారి తప్పులు సాగాయి, తిట్లూ సాగాయి. పెళ్ళి పెట్టెల మీద పూలు వేసే పెయింటరు దండగని అల్లుడుగారు తీసేశారు. ఆ ముహూర్తాలకి మా పెట్టె కొన్నవాళ్ళు లేరు. సుత్తులు ఆగాయి, పెదనాన్న కాటా పక్కన తల వంచుకున్నాడు. చౌకగా బందులు తెప్పించారు, మూతలు ఊడొచ్చాయి. మళ్ళీ సుత్తులు ఆగాయి. ముందు రోజు పక్కకి పిలిచి చెప్పడం మొదలాళి ఎప్పుడు మానేశాడో నాకు గుర్తులేదు. తర్వాత కాఫీ మానేశాడు. మొదట్లో ఆయన తిట్టాక కాసేపు ఎవరి వంకా చూడలేకపోయేవాడు. పోను పోను ఆ సంకోచం పోయింది. పెదనాన్నని తిట్టిన రోజు మొదలాళి రెండోసారి అన్నం పెట్టించుకుంటాడని వాళ్ళింటి వంటావిడ పెద్దమ్మతో చెప్పింది. చెప్పి నవ్వింది కూడా.

ఎవరినైనా తిట్టడానికి అలవాటుపడితే తప్పుతో పని ఉండదు. ఒకరోజు రంగు డబ్బా ఒలికిందని మొదలుపెట్టి మొదలాళి ఎక్కడికో పోయాడు. "ఒకరికి పని చెప్పేది ఎట్లనో నీకెట్ల తెలస్తాది? పిల్లల్ని కని పెంచుంటే కదా తెలిసేది," అన్నాడు. మేస్త్రీ తమిళుడు, మోటుమనిషి. అలాంటివాడే నేల చూపులు చూశాడు. పెదనాన్న ఎప్పటిలాగే, "తప్పయిపోయింది మొదలాళీ," అన్నాడు. పిల్లలు లేకపోవడం కూడా ఆయన తప్పుల్లో కలిసిపోయింది.

ఆ రోజు నేను ఆగలేకపోయాను. పని వదిలేశాక సందులో ఆయన్ని నిలబెట్టి, "ఇంక చాలు పెదనాన్నా. మొదలాళి దగ్గరికి పోయి నావల్ల కాదని చెప్పు," అన్నాను.

"నన్ను కాదురా అంటా ఉండేది. అల్లుణ్ణి. మాటలు నా మీదుగా ఆడికి పోతా ఉండాయి, అంతే."

"ఆడికి ఒక్కటి కూడా పోవడం లేదు. నీ దగ్గరే ఆగిపోతా ఉండాయి. మేనేజరు నీకు కళ్ళు కనపడవని అనుకుంటా ఉండాడు, తెలుసునా నీకు?"

"అట్లా అనకపోతే అల్లుడుగారి మర్యాద ఏం కావాల? నీకు చిన్నతనం, నీకు తెలవదు," అని నవ్వి వెళ్ళిపోయాడు. గట్టిగా తిడుతున్నకొద్దీ మొదలాళికి తన మీద చనువు పెరుగుతోందని ఆయన నమ్మకం. మనిషి అంత అమాయకంగా ఉండడం కూడా పాపమేనని నాకు ఆ క్షణంలో అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

కొత్తగా చేరిన పనివాళ్ళకి ఈ నాటకం ఎవరు చెబుతారు? వాళ్ళు చూసిందల్లా, ఒక ముసలి గుమాస్తా ఎప్పుడూ ఏదో ఒకటి పాడుచేస్తాడు, యజమాని జాలిపడి ఉంచుకున్నాడు. పెదనాన్న ఏదైనా చెబితే వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. మేస్త్రీ అయితే, "సరి, సరి, పో పెద్దాయనా," అని చేత్తో ఈగని తోలినట్టు తోలేవాడు. మెల్లగా పెదనాన్న కూడా చెప్పడం తగ్గించాడు. బల్ల ముందు కూర్చుని పెన్సిలు చెక్కుకుంటూ ఉండేవాడు. చేతకానివాడని పదిమంది ముందు చెప్పి చెప్పి ఆయన్ని నిజంగానే చేతకానివాణ్ణి చేశారు.

ఆ ఏడు వానలు గట్టిగా పట్టాయి. ఒక హాస్టలుకి పెట్టెలు పంపాలి. అల్లుడుగారు వాళ్ళకి చెప్పిన గడువు దగ్గరికొచ్చింది. పెట్టెల మీద రంగు ఇంకా ఆరలేదు. వేలితో ముట్టుకుంటే ఎవరికైనా తెలుస్తుంది. అల్లుడుగారు గది బయటికొచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి బండెక్కించమన్నారు. అలా పేరిస్తే అంటుకుపోతాయని నేను అన్నాను. "మీరు చెప్పింది చెయ్యండి," అన్నారు. పెదనాన్న బల్ల దగ్గర్నుంచి చూస్తూ కూర్చున్నాడు. నోరు తెరవలేదు. తెరిస్తే మాత్రం ఎవరు వింటారు?

బండ్లు తిరిగొచ్చాయి. పెట్టెలు ఒకదానికొకటి అంటుకుపోయి, విడదీసినచోటల్లా రంగు పొరలు పొరలుగా ఊడి లోపలి రేకు కనిపిస్తోంది. వాటి వెనకే హాస్టలు వార్డెను వచ్చి కాటా దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. ఇంతకాలం తిప్పి పంపినవాళ్ళు దూరాన ఉన్న వ్యాపారులు. ఈసారి మనిషే ఎదురుగా వచ్చి కూర్చుని, "ఇంత పేరున్న చోట ఇట్లా చేస్తారా?" అని అడిగాడు. మొదలాళి ముఖం నల్లబడింది. పెదనాన్నని పిలిచాడు. సుత్తులు ఆగాయి.

ఆ రోజు తిట్టిన తిట్లు నేను రాయను. కాసేపటికి సగం తలుపు తెరుచుకుంది. తిట్టే వేళ అల్లుడుగారు బయటికి రావడం అదే మొదటిసారి. పెదనాన్న ముఖంలోకి వెలుగొచ్చింది. ఆఖరికి మాటలు చేరవలసినచోటికి చేరాయనుకున్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను.

అల్లుడుగారు వచ్చి మొదలాళి మోచెయ్యి పట్టుకున్నారు. "మామయ్యా, ఇలా అరిచి మీ ఆరోగ్యం పాడుచేసుకోవద్దు. నేనొచ్చినప్పట్నుంచీ వింటూనే ఉన్నాను. పాత మనిషి, మీకు అభిమానం కదా అని కలగజేసుకోలేదు. ఎన్నిసార్లు చెప్పినా మారని మనిషిని ఇంకెన్నాళ్ళు భరిస్తారు? మీకు నోరు రాకపోతే నేనే చెబుతాను," అని పెదనాన్న వైపు తిరిగి, "రేపట్నుంచి మీరు రావద్దండీ," అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. మామగారి మీద జాలితో వచ్చిన నీళ్ళు. అందులో నటన లేదు. నటన ఉంటే నేను ఆయన్ని హాయిగా అసహ్యించుకునేవాణ్ణి.

పెదనాన్న అల్లుడుగారి వంక చూడలేదు. మొదలాళి వంకే చూశాడు, పెదవుల మీద చిన్న నవ్వుతో. పేర్చమన్నది మీరే కదా అల్లుడుగారూ అని ఆయన ఒక్క మాట అంటే సరిపోతుంది. మొదలాళి నోరు తెరిచాడు. ఆ మాట నాలిక దాకా వచ్చింది, నేను చూశాను. ఆయన వార్డెను వంక చూశాడు, పనివాళ్ళ వంక చూశాడు, తన మోచేతి మీద ఉన్న అల్లుడి చేతి వంక చూశాడు.

"ఆమా, నిజమే. నేనే చెప్పాలనుకుంటా ఉండాను. మీరు చెప్పినారు, మంచిదయింది," అన్నాడు. తర్వాత పెదనాన్నతో, "ఇంకా ఏం నిలబడతావు? పో. ఆ గదులు కూడా ఖాళీ చేసెయ్యి," అన్నాడు.

నేను ముందుకెళ్ళాను. "పేర్చమన్నది ఎవరో అందరికీ తెలుసు," అని మొదలుపెట్టాను. పెదనాన్న నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. ముసలాయనకి అంత బలం ఎక్కడిదో. "నువ్వు ఉండరా. పెద్దోళ్ళు మాట్లాడతా ఉండారు," అన్నాడు. లాక్కుంటూనే బయటికి తీసుకొచ్చాడు. వెనకాల సుత్తులు మళ్ళీ మోగాయి.

నేను ఆ రోజే పని మానేశాను. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇంటికొచ్చి పెద్దమ్మతో సంగతి చెబితే ఆమె ఏడవలేదు. లేచి అటక మీది గిన్నెలు దించడం మొదలుపెట్టింది. పెదనాన్న వాటిని మళ్ళీ ఎక్కించాడు. "ఎందుకు దించతా ఉండావు? అది అల్లుడి కోసం అన్న మాట. ఎప్పుడూ అనేదే కదా. పరాయోడు ఎదురుగా కూర్చోనుంటే అట్లనే అనాల. పిలిపిస్తాడు," అన్నాడు. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. గోడ అవతల సుత్తులు మోగుతున్నాయి. ఎవరూ పిలవలేదు. ఆ తర్వాతి రోజూ అలాగే కూర్చున్నాడు. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు పెద్దమ్మ మూటలు కట్టేది. వచ్చి చూసి ఆయన విప్పేవాడు.

చివరికి మేస్త్రీ ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు, ఆ గదుల్లో రేకులు ఎన్ని పడతాయో కొలుచుకోవడానికి. పెద్దమ్మ పొయ్యి మీద అన్నం ఉండగానే కొలుచుకున్నారు. ఆ సాయంత్రం అల్లుడుగారు స్వయంగా వచ్చి, సామాను తీసుకెళ్ళడానికి కార్ఖానా బండి ఇస్తానన్నారు. దాంతోపాటు సామాను సర్దుకోమని ఒక పెట్టె ఇప్పించారు. రంగు ఊడిన పెట్టె. "ఎలాగూ అమ్ముడుపోదు, మీకు ఉపయోగపడుతుంది," అన్నారు. మొదలాళి రాలేదు. ఆయన మర్యాదస్తుడు, అలాంటి దృశ్యాలు చూడలేడు.

వాళ్ళని చింతాద్రిపేటకి, నేనుంటున్న ఒక్క గదికి తెచ్చుకున్నాను. నా భార్య వంట చోటు పక్కకి జరిపి మూటలు గోడవార పెట్టింది. ఆ రాత్రి పెదనాన్న అన్నం తిన్నాడు, పెద్దమ్మ తినలేదు. తిన్నాక ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు.

"నువ్వు ఆడనే ఉండావు కదరా. నిజం చెప్పు. నన్ను పొమ్మన్నప్పుడు ఆయన గొంతు ఎప్పటి మాదిరే ఉండిందా, ఏమన్నా తేడా ఉండిందా?"

నేను ఆలోచించాను. అబద్ధం ఆడదామనే ఆలోచించాను. కానీ ఏది చెబితే అబద్ధమవుతుందో, ఏది చెబితే ఈ మనిషి నిలబడతాడో నాకు అంతుపట్టలేదు. మొదలాళి గొంతు మళ్ళీ చెవుల్లో మోగింది. రేకు గురించి అన్నప్పుడు, పిల్లల గురించి అన్నప్పుడు, పొమ్మన్నప్పుడు ఒకటే గొంతు.

"ఎప్పటి మాదిరే ఉండింది పెదనాన్నా," అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. పెద్దమ్మ వైపు తిరిగాడు.

"విన్నావా? ఆ మూటలు విప్పబాక," అన్నాడు.

పెద్దమ్మ విప్పలేదు. ఆయనకి పంచె కావలసి వస్తే ముడి సడలించి, లోపలికి చెయ్యి పెట్టి ఒకటి లాగి, మళ్ళీ బిగించేది. పై ఏడు ఎండాకాలంలో ఆయన పోయినప్పుడు మీద కప్పడానికి పంచె కూడా అలాగే లాగింది.